అటకమీది ఉయ్యాల

ధ్యానమునకు: 1 సమూయేలు 2:18–21; యిర్మీయా 38:7–13



షిలోహు మందిరములో పరిచర్య చేయుచున్న బాలుడగు సమూయేలునకు తల్లియైన హన్నా ప్రతి సంవత్సరము ఒక అంగీ కుట్టి తెచ్చెడిదని లేఖనము తెలుపుచున్నది. ఏడాదికొకసారి చూచు బిడ్డ కొలత ఆమె ఎట్లు తెలిసికొనెనో చెప్పబడలేదు. తల్లులకు తెలియును. నిరుడు మోకాళ్లవరకు వచ్చిన అంగీ ఈ యేడు ఎక్కడికి వచ్చునో, బట్ట కత్తిరించునప్పుడే మనస్సులో లెక్క కట్టుకొనియుండును. మరి నిరుటి అంగీ ఏమాయెను? దానిని గూర్చి ఒక్క మాటయు లేదు. తరువాత ఆమెకు ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగిరి గనుక అది ఊరకే పడియుండదని మేము తలంచుచున్నాము. ఇది మా తలంపే గాని వాక్యము కాదు.

మన యిండ్లు చిన్నవి. ఒక గది, ఒక వంటిల్లు, ముందొక వసారా. ఆ గదిలోనే బియ్యపు బస్తా, పరుపులు, కుట్టుమిషను, పిల్లల పుస్తకములు. బిడ్డ ఎదిగిన కొలది ఆ యింట చోటు తగ్గును. మొదట ఉయ్యాల అటకెక్కును. దాని వెనుక దోమతెర గొడుగు, మూడు చక్రముల బండి, ఉగ్గుగిన్నె, రంగు వెలిసిన ఏటికొప్పాక లక్కబొమ్మలు, చెయ్యి విరిగిన రబ్బరు బొమ్మ, బొంతలు, పొత్తిగుడ్డల మూట, ఒకదానిమీద ఒకటి చేరును. ఇంకొక బిడ్డ కలుగునేమో అని కొన్ని, ధర పెట్టి కొంటిమి గదా అని కొన్ని, ఎందుకో చెప్పలేక కొన్ని. మా యింటి సంగతియు ఇంతే. మా చిన్నవాడు పదవ తరగతికి వచ్చువరకు వాని బొంతల మూట అటకమీదనే యుండెను. ఎలుకలు అందులో పిల్లలను పెట్టినప్పుడు గాని మేము దానిని దింపలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట, మునుపు మేము సేవచేసిన గ్రామములో, ఈ హన్నా అంగీనే మూలవాక్యముగా తీసికొని ఒక ఆదివారము గట్టిగా ప్రసంగించితిమి. రెండు అంగీలుగలవాడు లేనివానికి ఇయ్యవలెనని బాప్తిస్మమిచ్చు యోహాను చేసిన బోధను జతపరచితిమి. మీ అటకలు దింపుడి, బిడ్డలకు చాలని బట్టలను పురుగులకు పెట్టుచున్నారు, ఇది లోభత్వమే అని బల్ల గ్రుద్ది చెప్పితిమి. ప్రసంగము బాగున్నదని సంఘపెద్దలు మెచ్చుకొనిరి. ఆ తరువాత మూడు ఆదివారములు ఒక సహోదరి ఆరాధనకు రాలేదు.

నాలుగవ వారము మేమును మా గృహిణియు ఆ యింటికి వెళ్లితిమి. ఆమె మజ్జిగ ఇచ్చినది. మేమేమియు అడుగకముందే మంచము క్రిందనుండి ఒక ట్రంకుపెట్టె లాగి తెరిచినది. అందులో పసుపుపచ్చని ఊలుటోపీ, రెండు చొక్కాలు, ఒక గిలక్కాయ ఉన్నవి. పదునొకండు నెలల కుమారుడు జ్వరముతో పోయి అప్పటికి ఆరేండ్లు. మరల ఆమెకు కాన్పు రాలేదు. పైన అటకమీద కాళ్లుగల చెక్క ఉయ్యాల కనబడుచుండెను.

ఆమె చొక్కాను ఒడిలో పరచి, “అయ్యగారండీ, హన్నమ్మగారి బిడ్డకి ఏటేటా కొలత పెరిగిందండీ. మా బాబు కొలత ఇదేనండీ” అన్నది.

మేము జవాబు చెప్పలేదు. హన్నా ప్రార్థనను మూడు భాగములుగా విభజించుట సెమినరీలో నేర్చుకొంటిమి గాని దీనికి జవాబు నేర్చుకొనలేదు. మా గృహిణి నేలమీద ఆమె ప్రక్కన కూర్చుండి ఆ టోపీని చేతిలోనికి తీసికొని, “బాబు పేరేంటమ్మా?” అని అడిగినది. మేమా ఊరు రాకముందే ఆ బిడ్డ పోయెను. నాలుగేండ్లు ఆ యింటికి ప్రార్థనకు వెళ్లుచుండియు మేమెన్నడును వాని పేరు అడిగియుండలేదు.

మరుసటి ఆదివారము అదే బల్లయొద్ద నిలిచి, లోభత్వమన్న మాటను వెనుకకు తీసికొంటిమి. ఎవరి నిమిత్తమో చెప్పలేదు.

ఆ దినములలోనే యిర్మీయా గ్రంథములో ఒక సంగతి మా కంటబడెను. ప్రవక్త గోతిలోని బురదలో దిగబడియుండగా కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు ఖజానా క్రింది గదిలోనుండి పాతగుడ్డలు, చింకిపాతలు తీసికొనిపోయి, త్రాళ్లు ఒరసికొనకుండ చంకల క్రింద పెట్టుకొనుమని అందించెను. రాజనగరులో చింకిపాతలను ఎవరు దాచిరో, ఎందుకు దాచిరో తెలియదు. దాచుట పాపమని మేమిక చెప్పజాలము. అయితే అవి ఎక్కడనున్నవో ఆ కూషీయుడు ఎరిగియుండెను, వేళకు దింపెను.

మరుసటి వేసవిలో అదే పేటకు ఒక చిన్నది తొలికాన్పునకు పుట్టింటికి వచ్చెను. పెంకుటిండ్ల దినములలో దూలమునకు చీరకట్టి ఉయ్యాల వేసెడివారు. ఇప్పుడు స్లాబు ఇండ్లు గనుక కప్పునకు కొక్కెము పెట్టించనివారికి ఆ వసతియు లేదు. బిడ్డను నేలమీదనే పరుండబెట్టిరి, చీమల మధ్య. ఒక సాయంకాలము ఆ సహోదరి భర్త ఉయ్యాలను భుజముమీద మోసికొని వచ్చి వారి వాకిట దింపెను. వారు అడుగలేదు. మేమును అడుగలేదు, దేవుడే సాక్షి.

బిడ్డ పోయిన ఉయ్యాల అచ్చిరాదని కొందరు గుసగుసలాడిరి. విశ్వాసులే! ఖాళీ ఉయ్యాల ఊపరాదనువారును వీరే. కొన్ని భయములు బాప్తిస్మపు నీళ్లలో కూడ తడియవు కాబోలు. పురిటింటి ముసలమ్మ మాత్రము, “బాబుని తీసుకుపోయింది జ్వరం, కర్ర కాదు” అని వేడినీళ్లతో తోమి రెండెండలు ఆరబెట్టి మనుమరాలిని అందులో వేసినది. ఆ పేటలో మా ప్రసంగములకంటె ఆ మాట ఎక్కువ పనిచేసెను.

ఆ సహోదరి రెండు నెలలు ఆ వైపు వెళ్లలేదు. ఒక ఆదివారము ఆరాధన అయిన పిమ్మట వెళ్లి, చాలసేపు నిలుచుండి, “ఎడమ పక్క చీల వదులమ్మా, పేలిక చుట్టి బిగించు” అని చెప్పి, తానే బిగించి వచ్చినదట. మా గృహిణి చూచి చెప్పినది.

ఈ నెల కడవరి శనివారము మన స్త్రీల సమాజమువారు దొర్కా పేరట పసిబిడ్డల వస్తువులు పోగుచేయుదురు. కలరా ఉండలు వేసి దాచిన బట్టలను అట్లే పసిబిడ్డకు తొడుగరాదు. ఆ ఘాటు కొందరు శిశువుల రక్తమును చెరిపి కామెర్లు తెచ్చునని వైద్యులు చెప్పుదురు. ఉతికి ఎండలో ఆరబెట్టి తెండి. ఇంకను దాచువారు ఎండిన వేపాకు వేసికొనుడి. పాలసీసాలు తేవద్దు, తల్లిపాలను కాపాడుటకే వాటి ప్రకటనలను నిషేధించుచు మన దేశములో 1992లో చట్టము చేసిరి. బిడ్డను కూర్చుండబెట్టు చక్రాల నడకబండియు వద్దు. మెట్లమీదనుండి దొర్లిన పిల్లలు అనేకులు. కెనడా దేశములో 2004 నుండి దాని అమ్మకమే నిషిద్ధము. రంగు రాలు బొమ్మలు, ముక్కలు ఊడు బొమ్మలు పొయ్యిలో వేయక చెత్తబండికి ఇయ్యుడి.

ఏమియు తేనివారిని ఎందుకు తేలేదని అడుగవద్దని సమాజపు అధ్యక్షురాలికి చెప్పియున్నాము.

ఈ సంగతిని ఆ సహోదరి సెలవుతోనే వ్రాసితిమి. ఉయ్యాల ఇప్పుడు నాలుగవ యింట ఉన్నది. ట్రంకుపెట్టె ఆ మంచము క్రిందనే యున్నది.