కప్పు మీద పని

పాతపట్నంలో మా పేట నించి పై రాష్ట్రాల ఉక్కు ఫ్యాక్టరీలకి వలసపోయిన వాళ్లలో మా అయ్య ఒకడు. పద్దెనిమిదేళ్లు కోక్ ఓవెన్ కప్పు మీద కాంట్రాక్టు కూలి. బొగ్గుని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల వేడిలో కాల్చే బట్టీ అది. పైకన్నాల మూతలు తియ్యడం, బొగ్గు పడ్డాక మళ్లీ బిగించడం, సందులు పూడ్చడం ఆయన పని. ఎంత పూడ్చినా పచ్చటి పొగ లేస్తూనే ఉండేది. సెలవుకొచ్చినప్పుడు ఆయన బనీను ఉతికితే మహేంద్రతనయలో నీళ్లు నల్లగా పోయేవి.

పని మానేసి ఊరొచ్చిన చాన్నాళ్లకి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అన్నారు. డాక్టరు అడిగింది ఒకటే: "బీడీలు తాగుతావా?"

"తాగుతాను బాబూ" అని అయ్య తలొంచుకున్నాడు, నేరం ఒప్పుకున్నట్టు. ఏం పని చేశావని ఎవరూ అడగలేదు. అడక్కుండానే పోయాడు.

బీడీ చెడ్డదే. కాదనను. కానీ 1971లో అమెరికాలో లాయిడ్ అనే పరిశోధకుడు ఉక్కు కార్మికుల చావుల్ని లెక్కగట్టాడు. అయిదేళ్లు, ఆ పైన కోక్ ఓవెన్ కప్పు మీదే పనిచేసిన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు దాదాపు పదిరెట్లు. ఆ కప్పు మీదకి ఎక్కువగా ఎక్కించింది నల్లవాళ్లని. అది చదివినప్పుడు నాకు మా పేట గుర్తొచ్చింది. అయ్యతో కప్పెక్కిన వాళ్లంతా మా పేటలాంటి పేటల వాళ్లే. కంట్రోలు రూములో మావాడొక్కడూ లేడు.

ఈ సంగతి ఒక సభలో చెబితే ఒక విద్యార్థి లేచి "ఆయన్నెవరూ బలవంతపెట్టలేదు కదండీ" అన్నాడు. ఆ మాట చాన్నాళ్లు నన్ను తొలిచింది. ఇంటికొచ్చి అమ్మనడిగాను. "ఎల్లకపోతే తినేదేటిరా?" అంది.

నా జవాబు అందులోనే ఉంది. ఒప్పుకోవడమంటే రెండుండాలి: సంగతి తెలియాలి, కాదనే దారి ఉండాలి. అయ్యకి పొగలో ఏముందో చెప్పినవాడు లేడు. చెప్పినా, భూమి లేనోడు, ఊళ్లో పాలేరుతనం తప్ప పని దొరకనోడు ఎక్కడికి పోతాడు? దారులన్నీ మూసేసి ఒక్కటే తెరిచి, నువ్వే ఎంచుకున్నావంటే అది ఇష్టమా?

అయ్య రోగం ఆ పొగ వల్లే వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. ఈ రోగం ఇరవై, ముప్పై ఏళ్లకి గానీ బయటపడదు. అప్పటికి కాంట్రాక్టరు ఉండడు, మస్టరు ఉండదు. రుజువు పోగొట్టినవాళ్లే రుజువడుగుతారు.

నేనూ ఉత్తముణ్ణేం కాదు. నా బి.ఏ. ఫీజు ఆ కప్పు మీంచే వచ్చింది. ఆ అప్పు ఎలా తీరుతుంది? మావాణ్ణి దించి ఇంకో కులంవాణ్ణి ఎక్కించమని నేననను. ఎవరి ఊపిరైనా ఊపిరే. పొగ లీకవ్వని తలుపులు, మూతలు పెట్టండి. 1976లోనే అమెరికాలో ఈ పొగకి చట్టం హద్దు గీసింది. చెయ్యలేనిదేం కాదు.

అందాకా ఒక్క పని చేద్దాం. దగ్గుతో వచ్చిన మన మనిషి ఆస్పత్రి చీటీ మీద బీడీ సంగతి రాస్తే, పక్కనే ఆయన ఎన్నేళ్లు ఏం పని చేశాడో కూడా రాయించాలి. మా అయ్య చీటీలో ఆ గీత ఖాళీగానే ఉంది.