పరుల ఆపదను వినుట

పరుల యింటి మాటలను చాటుగా వినరాదని పెద్దలు చెప్పుదురు. అయితే ఆ మాటలే ఆకాశమున బహిరంగముగా ప్రసరించుచున్నచో, వినుట దోషమగునా?

అమెరికా దేశమున కొన్ని గృహములలో స్కానరు అను చిన్న రేడియో యంత్రము కలదు. అది పోలీసు, అగ్నిమాపక శాఖల తరంగములను ఒకదాని వెంట నొకటి వెదకి, మాట వినబడిన చోట నిలుచును. ఈ అలవాటు క్రొత్తది కాదు. డెట్రాయిట్ నగర పోలీసులు 1928లో కార్లకు రేడియో ద్వారా ఆదేశములు పంపనారంభించిరి. 1933లో న్యూజెర్సీలోని బేయోన్ పట్టణమున కారులోని పోలీసులు బదులు పలుకుటకు కూడ వీలు కలిగెను. ఆ దశకపు గృహ రేడియోలలో పెక్కింటికి పోలీసు ప్రసారములను పట్టుశక్తి యుండెడిది. నేడు చేతి ఫోనులోనే వానిని వినువారు కలరు.

రహస్య సంకేతముగా మార్చని ఈ ప్రసారములను వినుటను అమెరికా కేంద్ర చట్టము నిషేధింపదు. బ్రిటనులో అనుమతి లేక వినుట నేరము. ఒక దేశమున ఒప్పైనది వేరొక దేశమున తప్పగుచున్నది. కావున ఈ ప్రశ్నను చట్టమునకు వదలిపెట్టుట చాలదు.

వినువారి పక్షమున న్యాయము లేకపోలేదు. మంటలు తమ వీధికి వచ్చుచున్నవేమో తెలిసికొనుట తప్పు కాదు. ఆయుధము ధరించిన అధికారి యెట్లు మాటలాడుచున్నాడో ప్రజలు వినుట మేలే. కాని ఆ యంత్రమున వినబడునది అధికారి కంఠము మాత్రమే కాదు. భర్త చేత దెబ్బలు తిన్న యిల్లాలి చిరునామా, స్నానపు గదిలో జారిపడిన వృద్ధుని అవస్థ కూడ వినబడును. వారు పిలిచినది సహాయమును; మనలను కాదు. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెత యిచట సార్థకమగును.

ఆ పిలుపు విన్న పోలీసు లేచి పోవును. పోయి నిజమేదో చూచును. ఇంట విన్నవాడు కుర్చీనుండి కదలడు. తొందరలో పలికిన అనుమానము పోలీసునకు విచారణకు మొదలు. ఇంటివానికి అదియే తీర్పు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాను వద్ద బాంబులు ప్రేలిన పిదప, నిందితులకై వెదకుచున్న రాత్రి, అసంఖ్యాకులు ఇండ్లయందుండి పోలీసు మాటలను వినిరి. స్కానరులో వినబడినదని చెప్పుచు, ఏ సంబంధమును లేని యువకుని పేరును లోకమున చాటిరి. అతడు అంతకు పూర్వమే కనబడకుండ పోయినవాడు. కుమారునికై కుములుచున్న ఆ కుటుంబమునకు నిందలు కూడ తోడయ్యెను. కొలది దినములకు అతని మృతదేహము లభించెను. చాటినవారిలో పెక్కురు అతనిని ఎరుగరు, నిజమును విచారింపలేదు.

ఇట్టి ప్రమాదములను, పోలీసుల భద్రతను కారణములుగా చూపి కొన్ని నగరములు తమ ప్రసారములకు తాళము వేయుచున్నవి. చికాగోలో 2022 నాటికి ప్రజలు వినునది 30 నిమిషముల ఆలస్యముతో వచ్చుచుండెను. న్యూయార్కు పోలీసులు 2023లో రహస్య సంకేతములకు మారుట మొదలిడిరి. పత్రికలవారు దీనికి అభ్యంతరము తెలిపిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. తాళము బాధితుని పేరును కాపాడును గాని, అధికారి తప్పును కూడ దాచును.

కాబట్టి తాళము వేయవలసిన స్థలము మరియొకటి కలదు. అది విన్నవాని నాలుక. వినుట వలన వినువానికి ఒక ఋణము ఏర్పడును. చేతనైన సాయము చేయుట, అధికారము దారి తప్పినచో సాక్ష్యము పలుకుట, ఈ రెంటికిని అవకాశము లేనిచో మౌనము వహించుట, ఇవియే ఆ ఋణమును తీర్చు మార్గములు. ఈ మూడింటిలో ఒక్కటియు చేయజాలనివాడు యంత్రమును ఆపివేయుట మేలు. పరుల దుఃఖము ప్రొద్దుపుచ్చుటకు వచ్చిన కథ కాదు.