సెంటినరీ కాలనీకి ఒక ఉత్తరం

యైటింక్లైన్ కాలనీ,
గోదావరిఖని.

చిరంజీవి చిన్నోడికి,

ఫోన్లో చెప్పే మాటకు ఉత్తరం ఎందుకని అనుకోకు. ఫోన్లో అయితే తాత మాట మొదలుపెట్టేలోపే నీకు క్లాసు ఉంటుంది, లేదంటే సిగ్నల్ ఉండదు. కాగితమైతే తలగడ కింద పెట్టుకొని రాత్రికైనా చదువుతావు.

సాక్ష్యం ఎలా చెప్పాలో జూనియర్లకు నేర్పే శిక్షణ ఒకటి మీ కూడికలో పెట్టుకున్నారనీ, అందులో నువ్వూ మాట్లాడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. తాతకు నిజంగానే సంతోషమైంది. బొగ్గు బాయిలో దిగిన ఇంటి నుంచి ఒక పిల్లవాడు మంథని జేఎన్టీయూలో మైనింగ్ ఇంజినీరింగ్ చదువుతూ, ప్రభువు మాట తోటివాళ్లకు చెప్పాలనుకోవడం చిన్న సంగతి కాదు. మీ అమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. దాని దగ్గరికి వచ్చే ముందు నీకు కొందరిని పరిచయం చెయ్యాలి.

ఇలాంటి శిక్షణల్లో ఈ మధ్య అమెరికా వాళ్ల పేర్లు, కొరియా వాళ్ల పేర్లు వినిపిస్తాయి. మన బొగ్గు బండ్లు పోయే దారిలోనే బతికిన మనిషిని ఎవరూ తలవడం లేదు. కొత్తగూడెం లైను వచ్చి పెద్ద లైనులో కలిసే చోటు డోర్నకల్. అక్కడికి 1909లో తిరునల్వేలి వైపు నుంచి ఒక తమిళాయన వచ్చాడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. అంతకుముందు ఆయన వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగి, నీ వయసు పిల్లల మధ్యే పనిచేశాడు. డోర్నకల్ వచ్చాక తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఆ మధ్యలో, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దొరలతో నిండిన ఆ సభలో అజరయ్య లేచి, మీరు మా దేశం కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్న అర్థంలో మాట్లాడాడు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు. సువార్త పనికి శిక్షణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, తాత ముందు ఆ ప్రసంగం గురించే చెబుతాడు.

డోర్నకల్ పల్లెల్లో ఆయన దగ్గర చేరినవాళ్లు ఎక్కువగా మాల మాదిగ కూలీలు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అయినా ఎవరినీ వెనక కూర్చోబెట్టలేదు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకుండా ఉండనని పలికించేవాడు. ఏడాదికోసారి సాక్ష్య వారం పెట్టించి, సంఘం మొత్తాన్ని పక్క ఊళ్లకు పంపేవాడు. దాంతోపాటు మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద యుద్ధం ప్రకటించాడు. ఆ నాలుగూ ఇంట్లో ఉండగా వీధిలో పాటలు పాడితే ఎవరూ వినరని ఆయనకు తెలుసు. జీతం రోజున సింగరేణి కాలనీల్లో కల్లు దుకాణం ముందూ, వడ్డీ వ్యాపారి ముందూ నిలబడ్డ జనాన్ని చూసినవాడికి ఆ నాలుగు పేర్లు విడమరిచి చెప్పనక్కర్లేదు.

1939లో పూర్తయిన డోర్నకల్ కెథెడ్రల్‌ను ఒకసారి చూసి రా. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టించాడు. పొరుగువాడి కంటికి పరాయిది కాకూడదన్న పట్టుదల ఆ రాళ్లలో కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి పోతే తాళ్ళకొండపాడు పేరయ్య ఉన్నాడు. ఇంటిపేరు యర్రగుంట్ల. తోళ్ల వ్యాపారం చేసే మాదిగాయన. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక వ్యాపారం మానలేదు. తోళ్లు కొనడానికి పోయిన ఊళ్లలోనే, చుట్టాల అరుగుల మీదనే, తనకు దొరికినదాన్ని చెప్పాడు. ఒంగోలు చుట్టూ వేల మంది కదిలింది ముందుగా ఆ చుట్టరికాల దారి వెంటే.

ఆ ఒంగోలులోనే ఇంకో సంగతి జరిగింది. దాన్ని మీ జూనియర్లకు తప్పకుండా చెప్పు. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. అక్కడి మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. కరువు పని నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఆపేశాడు. కడుపు కోసం వచ్చేవాడెవడో, ప్రభువు కోసం వచ్చేవాడెవడో తేలాలన్నాడు. కూలి పని అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను అందరూ గొప్పగా చెబుతారు. దానికి ముందు ఆయన ఆగిన ఏడాదిని ఎవరూ చెప్పరు. తాతకు మాత్రం ఆ ఆగడమే గొప్ప.

ఎందుకంటే ఆగకపోతే ఏమవుతుందో మన ఇల్లు చూసింది.

తాత బద్లీ ఫిల్లరుగా బాయిలో దిగినప్పటికి మీసం కూడా సరిగా రాలేదు. అవి తట్టా చెమ్మస్ రోజులు. ఒకడు చెమ్మస్‌తో బొగ్గు తట్టలోకి ఎత్తితే ఇంకొకడు మోసుకుపోయి టబ్బులో పోయాలి. తాతకు జోడీగా దొరికిన మనిషిని నువ్వు చూడలేదు గానీ, మీ నాన్న భుజాల మీద ఎక్కి ఆడుకున్నాడు. కొమురెల్లి మల్లన్న భక్తుడు. ఏటా బోనం ఎత్తుతాడు. ఒకసారి పైకప్పు చిటపటమంటుంటే తాత చొక్కా కాలర్ పట్టి వెనక్కి గుంజాడు. తాత నిలబడిన చోటే బండ పడింది. 1981లో 56 రోజుల సమ్మె. జీతాల్లేవు. వాళ్లమ్మ ఊరి నుంచి జొన్నలు మోసుకొస్తే రెండిళ్లకూ ఒకే పొయ్యి మీద వంట. ఆ పొయ్యి దగ్గరే ఒక రాత్రి అతను, "మీ యేసయ్య మాలాంటోళ్లను ఏమంటడు?" అని అడిగాడు. అడిగినవాడికి చెప్పడమే కదా సాక్ష్యం. తాత తెల్లవారేదాకా చెప్పాడు. అతను మతం మారలేదు. కానీ ఆ ఏడు క్రిస్మస్‌కు తల్లిదండ్రులను కూడా వెంటబెట్టుకుని చర్చికి వచ్చాడు.

ఆ తర్వాత వాళ్ల నాయినకు టీబీ వచ్చింది. మందులు మొదలయ్యాయి, కాస్త కోలుకుంటున్నాడు. అప్పుడే మన క్వార్టర్‌లో కుటుంబ ప్రార్థన పెట్టారు. బయటి ఊరి బోధకుడొకాయన వచ్చాడు. ముసలాయన తల మీద చెయ్యి వేసి, నీ రోగం పోయింది, ఇక మందు ముట్టుకుంటే అది అవిశ్వాసం అన్నాడు. నమ్మిన ఇంట్లో అన్న మాట కాబట్టి ముసలాయన నమ్మాడు. గోళీలు మానేశాడు. మళ్లీ వానలు పడేసరికి మనిషి లేడు.

దోస్తు ఒక్క మాట అనలేదు. షిఫ్టు మార్పించుకున్నాడు. నానమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని వాళ్ల గడప దాకా పోయి, తలుపు తీయకపోతే అక్కడే పెట్టి వచ్చింది. మీ నాన్న పెళ్లికి పంపిన కార్డుకు జవాబు లేదు. ఆ బోధకుడు మళ్లీ ఈ బెల్టుకు రాలేదు. ఆయన ఆడిన మాటకు లెక్క కట్టింది ఈ ఇల్లు.

2003 జూన్ 16న సెవెన్ ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూకి 17 మంది పోయారు. బాయి మీద జనం, ఏడుపులు, పోలీసులు. ఆ గుంపులో ఎవరో పక్కకు వచ్చి నిలబడి, "మనోళ్లెవరన్న ఉన్నరా?" అన్నారు. అతనే. అన్నేళ్ల తర్వాత మొదటి మాట. ఆ వారమంతా ఇద్దరూ కలిసి చనిపోయినవాళ్ల ఇళ్లకు తిరిగారు. తాత ఎక్కడా వాక్యం ఎత్తలేదు. అన్నం తినిపించాల్సిన చోట అన్నం తినిపించారు, కాగితాలు రాయాల్సిన చోట రాశారు.

ఇప్పటి తీరు చూస్తుంటే తాతకు కడుపు రగులుతుంది. చౌరస్తాలో ఫ్లెక్సీ కడితే దాని మీద స్వస్థత గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ, వీసా గ్యారంటీ. పక్కవాడి కన్నీళ్లు కూడా సాక్ష్యం పేరుతో రీల్ అయిపోతున్నాయి. ఇతరుల దేవుళ్లను తిట్టడం ధైర్యమనుకుంటున్నారు. సమ్మక్క జాతర నుంచి బంగారమని బెల్లం తెచ్చిచ్చిన పొరుగింటామెకు, మేము తినమమ్మా అని నెమ్మదిగా చెప్పడానికి నోరు రాదు గానీ, మైకులో తిట్టడానికి వస్తుంది. ఒక్క సువార్త పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవని పిల్లలు ఇతరులకు చెప్పే మెళకువలు నేర్చుకుంటున్నారు. మాట్లాడే తెలుగు కూడా ఇంగ్లీషు ప్రసంగానికి పక్కన నిలబడి అనువదించినట్టు ఉంటోంది. జాషువా క్రీస్తు కథను తెలుగు పద్యంలో చెప్తే, ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మీ కూడికలో ఎంతమంది దాని అట్టనైనా చూశారో అడుగు.

అందరూ అలా ఉన్నారని కాదు. 1954లో మొదలైన క్రైస్తవ విద్యార్థి సంస్థ యూఈఎస్ఐ వాళ్లు, అందులోని పట్టభద్రుల బృందం ఈజీఎఫ్ అన్నలు, కాలేజీ పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి బైబిల్ చదివించే పద్ధతి మంచిది. పిల్లలే నడుపుకుంటారు, పిల్లలే ప్రశ్నలు వేసుకుంటారు. సమాధానం తెలియకపోతే తెలియదని చెప్పడం అక్కడ అలవాటవుతుంది.

చట్టం కూడా తెలుసుకో. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికీ, ఆచరించడానికీ, ప్రచారం చెయ్యడానికీ హక్కు ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులూ పెట్టింది. ప్రచార హక్కంటే ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తాతకు ఆ తీర్పు మీద అభ్యంతరాలున్నాయి. అయినా చట్టం చట్టమే.

ఇంకొకటి ఎవరూ శిక్షణలో చెప్పరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా దక్కింది. క్రైస్తవులకు దక్కలేదు. మన దగ్గర బీసీ-సీ అవుతారు. ఇది అన్యాయమని తాత ఎప్పటినుంచో అంటున్నాడు. కానీ నీ క్లాసులో స్కాలర్‌షిప్ మీద చదువుతున్న పిల్లవాడు బాప్తిస్మం తీసుకుంటానంటే, ఆ నిర్ణయంతో అతని సర్టిఫికెట్, ఫీజు, రేపటి ఉద్యోగం అన్నీ ముడిపడి ఉంటాయి. చప్పట్లు కొట్టే ముందు అది అతనికి వివరంగా చెప్పు. దాచి తీసుకో, కాగితంలో ఒకటి చర్చిలో ఒకటి అని మాత్రం ఎన్నడూ సలహా ఇవ్వకు. అబద్ధంతో మొదలైన విశ్వాసానికి కాళ్లుండవు.

ఇక అసలు సంగతి.

నీ రూమ్మేట్ నాయిన ఓపెన్ కాస్ట్‌లో కాంట్రాక్టు కార్మికుడనీ, నెలలుగా దగ్గుతున్నాడనీ, కళ్లెలో రక్తం పడుతోందనీ మీ అమ్మ చెప్పింది. ఉపవాస కూడికకు తీసుకొస్తే పూర్తిగా నయమైపోతుందని నువ్వు ఆ పిల్లవాడికి మాట ఇచ్చావట. ఆ మాటను ఈ రాత్రే వెనక్కి తీసుకో. నయం చేస్తానని చెప్పే అధికారం నీకు లేదు, నాకు లేదు, పాస్టర్‌గారికీ లేదు. ప్రార్థన చేస్తాను, ఆస్పత్రికి తోడు వస్తాను, మందులు పడుతున్నంతకాలం కనిపెట్టుకుని ఉంటాను అని చెప్పు. ఆ మూడూ నీ చేతిలో ఉన్నవి.

గోదావరిఖని ప్రభుత్వ ఆస్పత్రిలో కళ్లె పరీక్షకు పైసా కట్టనక్కర్లేదు. టీబీ అని తేలితే మామూలుగా ఆరు నెలల మందులు, అవీ ఉచితమే. మధ్యలో మానేస్తే రోగం మొండికేస్తుంది, మందు పనిచెయ్యదు. 2024 నవంబర్ నుంచి తిండి ఖర్చుకు నెలకు వెయ్యి రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నారు. ఆధార్, బ్యాంకు పుస్తకం తెమ్మను. టీబీ కాకపోతే బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు చెడ్డాయేమో ఎక్స్‌రేలో చూడాలి. కాంట్రాక్టు కార్మికుడు కాబట్టి, రేపు పరిహారం అడగాల్సి వస్తే చూపించడానికి, ఏ కాగితమూ పారెయ్యకూడదు.

శిక్షణలో నీ వంతు వచ్చినప్పుడు స్లైడ్లు పక్కన పెట్టు. లూకా సువార్త మొత్తం చదివి రమ్మని ముందే చెప్పు. ప్రతి ఒక్కరితో తమ సాక్ష్యం ఒక పేజీలో రాయించు. క్రైస్తవుడు కాని క్లాస్‌మేట్‌కు అర్థమయ్యే తెలుగులో రాయాలి. హాస్టల్లో కరపత్రాలు పంచొద్దు, వార్డెన్ అనుమతి లేకుండా కూడిక పెట్టొద్దు. డబ్బు, ఉద్యోగం, స్వస్థత పేరు చెప్పి ఎవరినీ పిలవొద్దు. ఎవరైనా వద్దంటే, మళ్లీ వాళ్లే అడిగేదాకా ఆ ఊసెత్తొద్దు. స్నేహం మాత్రం మానొద్దు.

శనివారం సాయంత్రం బస్సుకు ఆ పిల్లవాణ్నీ, వాళ్ల నాయిననూ వెంటబెట్టుకుని ఇంటికి రా. నానమ్మ వంట చేస్తానంది. సోమవారం పొద్దున ఓపీకి తాత, తాత దోస్తు ఇద్దరూ వస్తారు. పాత ఎక్స్‌రే ఉంటే మరిచిపోకుండా తెమ్మను.

మీ తాత