మధ్యస్థుని ధర్మము

రెండు చేల నడుమ గట్టు తగవు వచ్చినపుడు మధ్యస్థుడు ఇరువురి మాటయు విని, చెరి కొంత వదలుకొమ్మని చెప్పును. అది న్యాయమే. కాని ఒకడు వేరొకనిని తనతో సమానుడగు మనుష్యునిగ నెంచనని పట్టుబట్టిన చోట నడిమి మార్గమెక్కడ నుండును? సగము మనుష్యునిగ నెంచుమని తీర్పు చెప్పుటయా? శాంతస్వభావుడును, ఉభయుల మేలు కోరువాడును నగు పాలకునికి ఇట్టి తగవు ఎదురైనపుడు ఆతని ధర్మమేమి? దీనికి సమాధానమును శాస్త్రవాదములలో వెదకుటకంటె, అట్టి సంకటమున చిక్కిన ఒక పాలకుని నడతను పరిశీలించుట మేలు.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో నొకటియగు ఫ్లోరిడాకు 1955 నుండి 1961 వరకు లీరాయ్ కాలిన్స్ గవర్నరుగ నుండెను. (అచ్చటి గవర్నరు మన గవర్నరువలె నియమింపబడువాడు కాడు, ప్రజలచే ఎన్నుకొనబడి, మన ముఖ్యమంత్రివలె పాలన సాగించువాడు.) ఆయన 1909లో ఆ రాష్ట్ర రాజధాని టలహాసీలో జన్మించి, న్యాయవాదియై, చిన్నవయస్సుననే శాసనసభ్యుడయ్యెను. గవర్నరు డాన్ మెకార్టీ 1953లో మరణింపగా, మిగిలిన కాలమునకు 1954లో జరిగిన ఎన్నికలో గెలిచెను. ఆ సంవత్సరముననే, మే నెలలో, తెల్లపిల్లలకును నల్లపిల్లలకును వేరువేరు బడులుండుట రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఆ దినములలో కాలిన్స్ కూడ వేర్పాటును సమర్థించినవాడే. ఈ సంగతిని మరుగుపరచి ఆయనను మొదటినుండి మహాత్మునిగ చిత్రించుట సత్యద్రోహమగును. 1956 ఎన్నికలో ఆయన వేర్పాటును చట్టబద్ధమగు ఉపాయములతో నిలుపుదుమనియే చెప్పెను. ఏ విద్యార్థి ఏ బడికి పోవలెనో అధికారులు నిర్ణయించు శాసనమొకటి చేయబడెను. అందు జాతి మాట లేదు. కాని ఫలితము మాత్రము పాతదే. ప్రత్యర్థులు నిప్పు రగిల్చి వోట్లు కోరుచుండగా ఈయన నీరు చల్లి వోట్లు కోరెను. వారికిని ఈయనకును నాడు గల భేదము అంతియే యని కొందరందురు. ఆ మాట పూర్తిగ సరియైనది కాదు.

ఏలయన, 1955లోనే ఆయన ఒక క్లిష్టమగు పని చేసియుండెను. గ్రోవ్‌లాండ్ కేసుగ ప్రసిద్ధమైన వ్యాజ్యములో వాల్టర్ ఇర్విన్ అను నల్లజాతి యువకునికి మరణశిక్ష పడెను. 1951లో షెరిఫ్ విల్లిస్ మెకాల్ చేతులలో నుండగనే ఇర్విన్ తుపాకి దెబ్బలు తిని బ్రతికినవాడు. ఆతనితో నున్న శామ్యూల్ షెపర్డ్ అక్కడికక్కడే మరణించెను. కాలిన్స్ కాగితములన్నియు పరిశీలింపజేసి, నేరము నిస్సందేహముగ రుజువు కాలేదని తలచి, ఆ శిక్షను యావజ్జీవ కారాగారముగ మార్పించెను. దీనివలన ఆయనకు వోట్లు రావు, పోవును.

1957లో శాసనసభ సుప్రీంకోర్టు తీర్పు తమయెడ చెల్లదని తీర్మానించెను. ఆ తీర్మానమును త్రోసిపుచ్చు అధికారము గవర్నరునకు లేదు. అందుచే ఆయన తన చేవ్రాతతో, ఇది దుష్టమైనదని, ఆవేశమునుండియు దురభిమానమునుండియు పుట్టినదని, దానిపైననే వ్రాసి పంపెను. బడులనే మూసివేయుటకు వీలు కల్పించు బిల్లును మాత్రము త్రోసిపుచ్చెను. ఆ యేడే ఆర్కన్సా గవర్నరు ఫాబస్ నల్లపిల్లలను అడ్డగించుటకు సైనికులను నిలిపియుండుటను తలచిన, ఈ చేవ్రాత విలువ తెలియును.

అయినను అసలు పరీక్ష 1960లో వచ్చెను. నల్లజాతి విద్యార్థులు దుకాణములలోని ఫలహారపు బల్లలయొద్ద కూర్చుండి, లేవక, అరెస్టులకు సిద్ధపడిరి. టలహాసీలో కొందరు జుల్మానా చెల్లించుటకంటె చెర మేలని నలువది తొమ్మిది దినములు జైలులో నుండిరి. మార్చి 20న కాలిన్స్ రేడియోలోను టెలివిజనులోను ప్రజలతో మాటలాడెను. తన దుకాణములో ఎవరికి వడ్డింపవలెనో నిర్ణయించు హక్కు చట్టరీత్యా వర్తకునికి గలదని ఒప్పుకొనెను. కాని అన్ని విభాగములలోను నల్లవారి సొమ్ము పుచ్చుకొనుచు, ఒక్క విభాగమున మాత్రము వారిని కూర్చుండనీయకుండుట అన్యాయమనియు, నీతి కాదనియు చెప్పెను.

ఇచ్చట ఆగి యోచింపవలెను. న్యాయవాది యగు పాలకుడు చట్టమును ఇవతల నుంచి, నీతిని అవతల నుంచి, రెండును ఒకటి కావని బహిరంగముగ చెప్పుట సామాన్యము కాదు. చట్టమును పాటించితిని, నా విధి తీరినదని ఊరకుండుట ఎంతటి సులభము! నాలుగేండ్లకు పూర్వము ఈయన చేసినది కొంతవరకు అదియే. మధ్యస్థత అనునది రెండు పక్షముల మధ్య కొలిచి గీసిన గీత కాక, కోపము లేకుండ సత్యమును చెప్పు పద్ధతి యైనపుడు దానికి వేరొక గౌరవము కలుగుచున్నది.

అయితే ఆ సత్యము ఆయన నోటికి వచ్చునప్పటికి విద్యార్థులు జైలులో నుండిరి. మెల్లగా నడుచువాని ఆలస్యమునకు వెల చెల్లించునది ఆతడు కాడు. వర్జిల్ హాకిన్స్ అను నల్లజాతీయుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలలో ప్రవేశమును 1949లో కోరెను. సుప్రీంకోర్టు 1956లో ఆతని పక్షమున పలికినను రాష్ట్ర న్యాయస్థానము అడ్డగించుచునే యుండెను. చివరకు 1958లో ఆతడు తన కోరికను వదలుకొనగా, ఇతరులకు ఆ తలుపు తెరువబడెను. తాను మాత్రము డెబ్బదియవయేడు సమీపించిన పిదపనే ఆ రాష్ట్రమున న్యాయవాది కాగలిగెను. ఆ అడ్డంకి కాలిన్స్ కల్పించినది కాదు. తొలగింపవలెనని గట్టిగ పూనుకొన్నదియు లేదు.

పదవి దిగిన పిదప ఆయన మరికొంత ముందుకు నడచెను. 1964 పౌరహక్కుల శాసనముచే ఏర్పడిన సంధాన సంస్థకు అధ్యక్షుడై, 1965 మార్చి 9న అలబామాలోని సెల్మాకు పోయెను. రెండు దినములకు ముందే అచ్చటి వంతెనపై పోలీసులు ఊరేగింపువారిని రక్తము కారునట్లు కొట్టియుండిరి. కాలిన్స్ మార్టిన్ లూథర్ కింగుకును పోలీసులకును నడుమ రాయబారము నడపెను. కింగు వంతెన దాటి, ప్రార్థించి, వెనుకకు మరలెను. మరలినందుకు ఉద్యమములోని యువకులు కోపించిరి. కాని ఆ వంతెనపై ఆ దినము నెత్తురు చిందలేదు. ఆ నెలలోనే జరిగిన ఊరేగింపులో కింగుతో మాటలాడుచు నడచుచుండగ ఎవరో ఆయన ఛాయాచిత్రమును తీసిరి. 1968లో ఆయన సెనేటునకు పోటీచేసినపుడు ప్రత్యర్థివర్గము దానినే పంచిపెట్టెను. ఎడ్వర్డ్ గర్నీ చేతిలో ఆయన ఓడిపోయెను. మరల ఏ ఎన్నికలోను గెలువలేదు. 1991లో మరణించిన పిదప శాసనసభ ఆయనను ఆ శతాబ్దపు ఫ్లోరిడా పౌరునిగ కీర్తించెను.

ఆయన ప్రాణము కాపాడిన ఇర్విన్ ఆ 1968లోనే చెరనుండి వెలువడి, మరుసటి యేడు మరణించెను. ఆతనిపై నేరనిర్ణయమును న్యాయస్థానము కొట్టివేసినది 2021 నవంబరులో.