ఇంకొక్క ఏడాది గడువు

ముంబై కామాఠిపురాలో మట్టి దొరకదు. ఇసుక దొరుకుతుంది, సిమెంటు దొరుకుతుంది, కూలిన గోడల పెళ్లలు కావలసినన్ని దొరుకుతాయి. మొక్క నాటుకోవడానికి తట్టెడు మట్టి కావాలంటే మాత్రం నర్సరీకి వెళ్లి సంచుల లెక్కన కొనుక్కోవాలి.

పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్టి వర్లీ వైపు సముద్రాన్ని ఆపాక, బొంబాయి ద్వీపాల నడుమ ఇంత బురదనేల తేలింది. ఆ పల్లాలను చాలాచోట్ల ఊరి చెత్త పోసి పూడ్చారు. నిజాం రాజ్యం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కూలీలు, కామాఠీలు, ఇక్కడే గుడిసెలు వేసుకుని పట్నానికి రోడ్లు వేశారు, మేడలు కట్టారు. ఊళ్లో పొలానికి పెంట మోసిన నెత్తులే ఇక్కడ రాయీ సున్నమూ మోశాయి. పేటకు వాళ్ల పేరే మిగిలింది. పక్కన ఉన్న రోడ్డుకు 1848 నుంచి 1853 దాకా గవర్నరుగా చేసిన ఫాక్‌లాండ్ ప్రభువు పేరు పెట్టారు. తర్వాత దాన్ని లావణి కవి పఠ్ఠే బాపూరావు పేరుకు మార్చారు గానీ జనం నోట పాత పేరే ఉంది. వేశ్యావాటికగా ముద్రపడ్డ ఆ రోడ్డు పేరు వినగానే మనుషుల కళ్లలోకి వచ్చే చూపు కూడా మారలేదు.

ఇలాంటి చోట డాబా మీద రసాయనాలు వేయకుండా కూరలు పండించడం సువార్త పనిలో భాగమని నేనంటే మా సంఘంలోనే కొందరు పెద్దలు ఇబ్బందిగా చూస్తారు. బచ్చలి తీగకూ రక్షణకూ ఏమిటమ్మా సంబంధం అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. తోట మున్సిపాలిటీ వేయవచ్చు, స్వచ్ఛంద సంస్థ వేయవచ్చు. సంఘం ఎందుకు వేయాలి?

లూకా సువార్తలో కాయని అంజూరపు చెట్టు ఉపమానం ఉంది. మూడేళ్లుగా కాపు లేదు, నరికెయ్యమంటాడు యజమాని. తోటమాలి ఈ ఒక్క ఏడాది ఓపిక పట్టమని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని బతిమాలతాడు. మా పాస్టర్లు ఈ కథను ఎప్పుడు చెప్పినా చెట్టును తిడుతూ చెబుతారు. నాకు మాత్రం తోటమాలి కనిపిస్తాడు. అతను చెట్టుకు బోధ చేయలేదు. తప్పు దాని వేళ్ల చుట్టూ ఉన్న నేలలో ఉందేమోనని అనుమానించాడు, పార పట్టుకున్నాడు. మరుసటి ఏడు చెట్టు కాసిందో లేదో ఉపమానంలో లేదు. తవ్వకం, ఎరువు, గడువు, అంతవరకే ఉంది. సువార్తికుడి వంతు కూడా అంతే అయి ఉంటుందని నా నమ్మకం.

ఎరువు అని నోటితో అనడం తేలికే, ఈ చాల్స్‌లో దాన్ని తయారు చేయడం ఎలాగో చెబుతాను. మా డాబాలు వందేళ్ల నాటివి, కొన్నిటికి కర్ర దూలాలే ఆధారం. తడి మట్టి ఘనమీటరుకు టన్నున్నర పైనే తూగుతుంది. ఆ బరువు పైకెక్కిస్తే కింద కాపురాలు ఉండవు. అందుకని మట్టి తక్కువ, చెత్త ఎక్కువ. పెయింటు డబ్బాలు, చేపల మార్కెట్లో పారేసే థర్మకోల్ పెట్టెలు తెచ్చి అడుగున చిల్లులు పొడుస్తాం. కొబ్బరి పీచు పరిచి, దానిమీద చెరుకురసం బండివాడి దగ్గరి పిప్పి, కూరగాయల తొక్కలు, టీకొట్టులో వాడేసిన టీపొడి, పూలబజారులో వాడిపోయిన బంతులు వేస్తాం. పొరకూ పొరకూ నడుమ గుప్పెడు పాత మట్టి, గేదెల తబేలా నుంచి తెచ్చిన పేడ కలిపిన నీళ్లు. తడి మించితే కుళ్లి కంపు కొడుతుంది, కింది ఇంటివాళ్లు తగవుకు వస్తారు. తడి చాలకపోతే చీమలు పడతాయి. నడుమ నడుమ తిరగేస్తూ ఉంటే రెండు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసనతో చేతికి వస్తుంది.

ఇక చీడల సంగతి. చాల్ ఇళ్లలో బీడీలు చుట్టడం ఆడవాళ్లకు పాత పని. ఆ పొగాకు పొట్టు నానబెట్టి వడకట్టిన నీళ్లు పేనుబంకను చంపుతాయి. కానీ అది మనిషికీ విషమే. ఆకుకూరల మీద నేనెప్పుడూ చల్లనివ్వను. టమాటాకూ మిరపకూ అసలు పనికిరాదు, పొగాకులోని మొజాయిక్ తెగులు వాటికి అంటుకుంటుంది. కూరలకు వేపనూనె, కాస్త సబ్బునీళ్లు చాలు.

ఇవేవీ మా సంఘం కనిపెట్టినవి కావు. కొల్హాపూర్‌లో గణితం బోధించిన శ్రీపాద్ దాభోల్కర్ ‘ప్రయోగ్ పరివార్’ పేరుతో ఈ పద్ధతులను మహారాష్ట్ర రైతులకు అందించాడు. 2002లో ముంబై పోర్ట్ ట్రస్ట్ కేంద్ర వంటశాల డాబా మీద ప్రీతీ పాటిల్ ఆ వంటశాల తొక్కలతోనే తోట పెంచి చూపింది. జింబాబ్వేలో బ్రయాన్ ఓల్డ్‌రీవ్ అనే క్రైస్తవ రైతు పొగాకు సాగు మానుకుని, 1980లలో దుక్కి దున్నకుండా, ఆకూ అలమూ నేలమీద పరిచి మొక్కజొన్న పండించాడు. ఆ పరుపును అక్కడివాళ్లు దేవుని దుప్పటి అంటారు. ఆ మాట నాకు ఇష్టం. ఆ పద్ధతికే దేవుని పద్ధతి అని పేరు పెట్టి మిషన్లు ఊరూరా నేర్పడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. పంట పోయిన ఏడు ఆ రైతుకు విశ్వాసం చాలలేదని ఎవరో అననే అంటారు.

ఫాక్‌లాండ్ రోడ్డులో పనిచేసే ఆడవాళ్లు కొందరు పగటిపూట మా డాబా మీదికి వస్తారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. ఒకామె గోంగూర విత్తనం చల్లిన డబ్బా ముందు నిలబడి అడిగింది:

“ఇది కోసుకుంటే ఆదివారం చర్చికి రావాలా అక్కా?”

“అక్కర్లేదమ్మా. నీది, కోసుకో” అన్నాను.

“మరి మీకేంటి లాభం?”

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆమె అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. తెలుగు నేల మీద మిషన్లు భూమిని చేతిలో పెట్టుకుని ఏం చేశాయో మనకు తెలుసు. సాల్వేషన్ ఆర్మీ ఈ దేశంలో మొదట దిగిన ఊరు బొంబాయే, 1882లో. మరో మూడు దశాబ్దాలకు నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్లను ఒకచోట ఉంచే బాధ్యత ప్రభుత్వం దానికి అప్పగించింది. అలా వెలసిన ఊరే బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, ప్రార్థన నేర్పారు. హాజరు కూడా పిలిచారు, పాసు లేకుండా పొలిమేర దాటనివ్వలేదు. వ్యవసాయం మనిషిని బాగుచేస్తుందని అక్కడి అధికారులు నిజంగా నమ్మి ఉండవచ్చు. కానీ కంచె లోపలి పొలంలో వేసిన నాగలి ఎవరిని బాగుచేస్తుంది? 1952లో ఆ ముద్ర చట్టం నుంచి తొలగింది. ఊరి పేరు చెబితే జనం నవ్విన నవ్వులోంచి ఎంతోకాలం తొలగలేదు. ఫాక్‌లాండ్ రోడ్డు పేరు చెప్పినప్పుడూ ఆ నవ్వే చూశాను.

అదే కోస్తాలో ఇంకో మనిషి, జాన్ క్లౌ. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు. 1876-78 ధాతకరువులో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు పట్టి ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూలితో పాటు బాప్తిస్మమూ అడిగినవాళ్లు వేలమంది. సహాయం పంపిణీ జరుగుతున్నంత కాలం, పదిహేను నెలలు, ఆయన ఎవరికీ ఇవ్వలేదు. తిండి పని ముగిశాకే తలుపు తీశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో దిగారు. తెలుగు క్రైస్తవులం ఆ 2,222ను గొప్పగా చెప్పుకుంటాం. నాకు ఆ పదిహేను నెలల మౌనమే గొప్ప. మెదక్ వైపు నుంచి వచ్చిన మా కుటుంబంలాంటి వాళ్లను తిండికి అమ్ముడుపోయారని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ పదిహేను నెలలే గుర్తొస్తాయి.

కాబట్టి మా డాబా నియమం ఒకటే: తోట ఎరగా మారకూడదు. కూర కోసుకున్నవాళ్ల పేర్లు సంఘం నివేదికలోకి ఎక్కకూడదు. నేను క్రైస్తవురాలిని, సువార్త చెప్పాలని నమ్మేదాన్ని. అడిగితే చెబుతాను, సంతోషంగా చెబుతాను. కానీ విశ్వాసాన్ని గుత్తగా ఒక సీజనులో పండించాలని చూస్తే నేల చౌడుబారుతుంది. యూరియా గుప్పించిన మడి మొదటి కోత ఘనంగా ఇస్తుంది. ఎన్ని ఆత్మలు అని గళ్లు గీసి పంపే నివేదికల్లో కూడా మొదటి ఏడు అంకెలు ఘనంగానే ఉంటాయి. తర్వాత ఆ మనుషులు ఎక్కడున్నారని అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

విలియం కేరీ 1793లో బెంగాల్ చేరాడు. మొదటి బాప్తిస్మం, కృష్ణ పాల్ అనే వడ్రంగిది, 1800 చివరలో. ఆ ఏడేళ్లను విఫలమనవచ్చు. కేరీ అనలేదు. శ్రీరాంపూర్‌లో ఆయన పెంచిన తోటను 1823 వరద తుడిచిపెడితే మళ్లీ నాటాడు. 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘం స్థాపించింది ఆయనే. 1814లో తెలుగు వ్యాకరణం రాసింది, 1818లో తెలుగు కొత్త నిబంధనను అచ్చు వేయించింది కూడా ఆయనే. వ్యాకరణం రాసినవాడిగా మనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నాం. మొక్కల పేర్లు కూడా మనుషుల పేర్లంత శ్రద్ధగా రాసుకున్నవాడిగా గుర్తుపెట్టుకోలేదు.

మిషన్ ఫలం సంఘం రిజిస్టరులోనే ఉండాలని లేదు. జోతిరావు ఫూలే పూలతోటలు పెంచే మాలీ కుటుంబంవాడు, పుణెలో స్కాటిష్ మిషన్ బడిలో చదివాడు. క్రైస్తవుడు కాలేదు. ఆ బడిలో పడిన గింజ సత్యశోధక్ సమాజంగా మొలిచింది. బొంబాయిలో ఆ ఉద్యమానికి అండగా నిలిచినవాళ్లలో మన కామాఠీ కాంట్రాక్టర్లు ఉన్నారు: వ్యంకు బాళాజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ. రైతు మీద ఫూలే రాసిన ‘శేత్‌కర్యాచా ఆసూడ్’ కొండల మీద కుళ్లిన ఆకునూ మట్టినీ వాన కొట్టుకుపోకుండా కట్టలు వేయమని సర్కారుకు చెప్పింది. రైతు కష్టాన్నీ నేల సారాన్నీ ఆయన ఒకే పుస్తకంలో లెక్క చూశాడు. ఆ మనిషిని చదివించిన మిషనరీలకు ఆయన్ను తమ అంకెల్లో చూపుకునే వీలు లేకపోయింది. వాళ్లు చేసిన అత్యుత్తమమైన పనుల్లో అదొకటి.

మగ్దలేనే మరియ సంగతి ఒక్కమాట. ఈ రోడ్డు మీద బోధించడానికి వచ్చే ప్రతివారూ ఆమె పేరు ఎత్తుతారు. ఆమె వేశ్య అని సువార్తలు ఎక్కడా చెప్పవు. 591లో పోపు గ్రెగొరీ ఒక ప్రసంగంలో వేర్వేరు స్త్రీలను కలిపేసినప్పటి నుంచి ఆ మచ్చ అంటుకుంది. యోహాను రాసిన ప్రకారం పునరుత్థాన ఉదయాన ఆమె యేసును చూసి తోటమాలి అనుకుంది. ఫాక్‌లాండ్ రోడ్డుకు వెళ్లి చెప్పదలిస్తే ఆ సంగతి చెప్పండి.

“మీకేంటి లాభం” అన్న ప్రశ్నకు నా జవాబు కాలంలో ఉంది. ఈ రోడ్డుకు వచ్చే ప్రతివాడికీ ఒక గడియారం ఉంటుంది. విటుడికి ఉంది, దాడికి వచ్చే పోలీసుకు ఉంది, సర్వే కాగితం పట్టుకున్నవాడికి ఉంది, వారం రోజుల కార్యక్రమానికి బస్సు దిగే సువార్త బృందానికీ ఉంది. మెంతికూర మూడు నాలుగు వారాలకు కోతకొస్తుంది. కరివేపాకు మొక్క నిండుగా కోసుకునేంత కావాలంటే రెండేళ్లు. డబ్బా ఒకరి చేతిలో పెట్టాక, జూన్‌లో వాన మొదలయ్యేదాకా రోజూ నీళ్లు అందేలా చూడాలి, వాన మొదలయ్యాక చిల్లులు పూడుకుపోకుండా చూడాలి. అంటే ఉండాలి. నాకు లాభం అదే, ఉండక తప్పని పరిస్థితి. ఆమెకు అలాగే చెప్పాను. నవ్వి, గోంగూర కోసుకుని, మెట్లు దిగి వెళ్లింది.

చెర పట్టి బబులోనుకు తీసుకుపోయిన తన జనానికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం ఒకటుంది. ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటి వాటి ఫలం తినమన్నాడు, చేరిన ఆ పట్నపు క్షేమం కోరమన్నాడు. కూలికి వచ్చి ఇక్కడే మిగిలిపోయిన తెలుగు కుటుంబాలకూ, మోసపోయి ఈ రోడ్డుకు చేరిన ఆడవాళ్లకూ నేను బైబిలులో ముందుగా చదివి వినిపించేది ఆ పేజీనే.

ఇప్పుడు కామాఠిపురాన్ని రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా మొత్తంగా పడగొట్టి మళ్లీ కట్టే ప్రయత్నం నడుస్తోంది. ముంబైలోని తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం: కొత్త భవనాల ప్లాన్ల మీద మాట్లాడే సమావేశాలకు వెళ్లండి. ప్రతి డాబా మీద మడులకు చోటు, బరువు మోసే స్లాబు, ఒక నీళ్ల కుళాయి, తడి చెత్త కుళ్లబెట్టుకునే మూల రాతపూర్వకంగా అడగండి. కిరాయి కాగితం లేని ఆడవాళ్ల తరఫున కూడా అడగండి. ప్లాను ఖాయమయ్యాక అడిగితే ఎవరూ వినరు.