రెండో మొలకని ఏం చేద్దాం?

పోయిన వీడియోలో మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో టైమ్ సరిపోక వదిలేసిన ఒక ప్రశ్న ఇక్కడ రాస్తున్నా. టమాటా మొలకలతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది.

ఫ్లాట్లలో పెంచుకోవడానికి మైక్రో టామ్ అనే పొట్టి రకం టమాటా ఉంది. 1989లో ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు విడుదల చేశారు. మొక్క జానెడు ఎత్తే ఉంటుంది. ఎండ సరిగా రాని గదిలో కూడా రోజుకి 14-16 గంటలు మంచి గ్రో లైటు వేస్తే కాస్తుంది. గింజ మొలుస్తుందో లేదో అన్న అనుమానంతో కప్పుకి రెండేసి వేస్తాం. వారం పది రోజుల్లో చాలా కప్పుల్లో రెండూ మొలుస్తాయి. బలంగా ఉన్నది ఉంచి, రెండోదాన్ని మొదట్లో కత్తిరించేయమని అందరూ చెప్పే సలహా. పీకితే పక్కదాని వేళ్లు కదులుతాయి కాబట్టి కత్తెర వాడాలట.

మొక్కకీ ప్రాణం ఉందని వింటూ పెరిగిన మనకి అక్కడ చెయ్యి ఆగుతుంది. ఆగాలి కూడా. "ఆత్మకి చావు లేదని గీతలో ఉంది కదా" అని కొందరు సర్దిచెప్పుకుంటారు. నాకు ఆ వాడకం నచ్చదు. తప్పించుకోలేని యుద్ధం ముందు కూలబడిన అర్జునుడికి కృష్ణుడు చెప్పిన మాట అది. ఇక్కడ బ్యాకప్ కోసమని రెండో గింజ వేసింది మనమే. "బలమైనదే బతుకుతుంది, ప్రకృతి ధర్మం" అనేవాళ్లూ ఉన్నారు. అడవిలో అయితే సరే. ఈ కప్పులో మట్టి ఎంతో, వెలుతురు ఎంతో నిర్ణయించింది కూడా మనమే.

పోనీ రెండూ అలాగే ఉంచేద్దామా? చిన్న కప్పులో నీళ్లకీ ఎరువుకీ పోటీ పడి రెండూ నీరసిస్తాయి. అదీ దయ అనిపించుకోదు.

ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకుని బతికేవాడు. నాగలి దున్నితే నేలలో ఎన్నో జీవులు పోతాయని, వడ్లలాంటి గింజల్లోనూ జీవం ఉందని, పూర్తిగా హింస చేయకుండా ఎవరూ బతకలేరని కౌశికుడికి చెప్తాడు. చాలామందికి గుర్తుండేది ఇంతవరకే. ప్రయత్నం చేస్తే ఆ హింస తగ్గుతుందని కూడా అన్నాడాయన. స్వయంగా చంపేవాడు కాదు, మాంసం తినేవాడు కాదు. ఆ వృత్తిలోనే ఉండి తగ్గించుకోగలిగినంత తగ్గించుకున్నాడు.

మన దగ్గర ఆ ప్రయత్నానికి బోలెడు చోటుంది. టమాటా మొలక విడదీసి నాటితే బాగానే తట్టుకుంటుంది. మొదటి రెండు ఆకుల తర్వాత అసలు ఆకులు వచ్చాక, మట్టి తడిపి, స్పూనుతో రెండిటినీ కలిపి ఎత్తాలి. కాడ నలిగితే మొలక పోతుంది, అందుకే ఆకు పట్టుకుని మెల్లగా విడదీయాలి. తర్వాత ఇంకో కప్పులో కాడ చాలావరకు మునిగేలా పూడ్చాలి, కాడ నుంచి కూడా వేళ్లు వస్తాయి. కింద చిల్లులు పెట్టిన పెరుగు డబ్బా చాలు. ఇదంతా చూస్తే, మనం "తప్పదు" అనుకుని చేసే కత్తిరింపుల్లో ఎక్కువ భాగం ఇంకో డబ్బా వెతకడానికి బద్ధకమే అనిపిస్తుంది.

నిజంగానే చోటు లేదు, పక్క ఫ్లాట్ వాళ్లూ వద్దన్నారు అనుకోండి. అప్పుడు కత్తిరించండి, కానీ దానికి గీతని అడ్డం పెట్టకండి. వచ్చేసారి కప్పుకి ఒకే గింజ వేయండి. కొన్ని కప్పులు మొలవకుండా మిగిలితే వాటిలో మళ్లీ వేసుకోవచ్చు, మహా అయితే పది రోజులు ఆలస్యం.