వైఫల్యానికి నకలు

నడుస్తున్న ప్రోగ్రాములో ఒక పని మధ్యలో చెడినప్పుడు ఏం జరిగిందో, ఎక్కడ జరిగిందో చెప్పడానికి పుట్టే వస్తువును ఎక్సెప్షన్ అంటారు. పని ఒక థ్రెడ్‌లో, అంటే తక్కినవాటితో ఏకకాలంలో సాగే ఒక ఆదేశాల వరుసలో చెడి, దాని ఫలితం కోసం ఎదురుచూసేది మరో థ్రెడ్ అయినప్పుడు, ఆ వైఫల్యాన్ని అక్కడికి చేర్చే బాధ్యత లైబ్రరీది. చేర్చవలసింది అసలా, నకలా అన్న ప్రశ్నలో సాక్ష్యపు నిజాయితీ ఇమిడి ఉంది.

అసలునే పలువురికి పంచితే చిక్కు తప్పదు. 2011లో వచ్చిన జావా 7 నుంచి, ఒక వైఫల్యాన్ని సర్దుతుండగా ఎదురైన మరొకదాన్ని మొదటిదానికే జతచేసే వీలుంది కనుక, ఒక థ్రెడ్ చేర్చిన వివరం సంబంధం లేని మరో థ్రెడ్ చదివే నివేదికలో తేలవచ్చు. పైగా స్టాక్ ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుస, పని చేసిన థ్రెడ్‌ను చూపుతుందే కాని ఎదురుచూసిన థ్రెడ్‌ను చూపదు. అందుకే జావా 7లోని ఫోర్క్-జాయిన్ వ్యవస్థ, వేరే థ్రెడ్‌లో పుట్టిన ఎక్సెప్షన్‌కు అదే రకపు కొత్త వస్తువును నిర్మించి, అసలును దానికి కారణంగా తగిలించడానికి ప్రయత్నిస్తుంది. అందుకు తగిన కన్‌స్ట్రక్టర్, అంటే కొత్త వస్తువును నిర్మించే ఫంక్షన్, లేకపోతే అసలునే అందిస్తుంది.

సీ++లో ప్రమాదం ఇంకా లోతైనది, ఎందుకంటే అక్కడ నకలు తీయడమే విఫలం కావచ్చు: విసిరిన ఎక్సెప్షన్‌ను పట్టుకునే క్రమంలో దాని నకలు తీస్తుండగా మరో ఎక్సెప్షన్ బయటపడితే ప్రోగ్రాము మొత్తం ఆగిపోతుంది. ఆ భాష ప్రామాణిక లైబ్రరీ తన ఎక్సెప్షన్‌లకు నకలు తీయడం ఎన్నడూ విఫలం కాకూడదని శాసించడానికి కారణం ఇదే. నకలు తీయడం విఫలం కాకపోయినా, మూల తరగతి పేరు మీద తీస్తే ఉపతరగతి తెచ్చిన వివరాలన్నీ తెగిపోతాయి. నకలు చూడడానికి నిండుగానే ఉంటుంది కనుక ఆ లోటును ఎవరూ గమనించరు, ఇది ఆగిపోవడం కన్నా హానికరం. 2011 ప్రమాణం తెచ్చిన ఎక్సెప్షన్ పాయింటర్, రకం తెలియకుండానే వైఫల్యాన్ని పట్టుకుని మరో థ్రెడ్‌లో తిరిగి విసరనిచ్చి, ఈ కోతను చాలావరకు తప్పించింది.

కాట్లిన్ కోరుటీన్ల లైబ్రరీ ఎంచుకున్న మార్గం అన్నిటికన్నా వివేకవంతమైనది. స్టాక్ ట్రేస్‌ను నిండుగా చూపడానికి డీబగ్ స్థితిలో అది నకలు తీస్తుంది కాని, ఎక్సెప్షన్ తరగతికి సొంత ఫీల్డులు ఉన్నా, నకలులోని సందేశం అసలుతో సరిపోలకపోయినా ఆ ప్రయత్నం మానుకుంటుంది. తెలియని వివరాలను ఊహించి పూరించడం కన్నా అసలును ముట్టకుండా ఇవ్వడమే మేలని ఇందులో అంగీకారం ఉంది. తన తరగతికి నకలు ఎలా తీయాలో రచయితే చెప్పదలిస్తే అందుకు ఒక ఇంటర్‌ఫేస్ ఉంది. దాని ద్వారా శూన్యాన్ని తిరిగి ఇచ్చి, నకలు వద్దని చెప్పే హక్కు కూడా ఆ రచయితకు ఉంది. ఎక్సెప్షన్ తరగతులు రాసేవారు ఆ హక్కును వాడుకోవాలి.